నడిమి వాక్యం: తరగతి గదిలో మిస్టరీ

 

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఆయన దగ్గర చదువుకున్న మాకు ఆయన్ని పేరుపెట్టి చెప్పుకునే అలవాటు లేదు. లెక్కల మాస్టారంటే ఆయనే. ఈ గంటసేపూ అలాగే అంటాను.

గణిత బోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు అన్నారు. మిస్టరీలతో పిల్లలకు తర్కం నేర్పడం గురించి మాట్లాడతానని నేనే అడిగి ఒప్పించాను. దానికి కారణం మా ఏడో తరగతిలో మాస్టారు నల్లబల్ల మీద గీసిన మూడు గీతలు. వాటిలో మధ్య గీత మీద ఏమీ రాయలేదు.

ఆ ఏడు విహారయాత్ర కోసం మా క్లాసు లీడరు తలా 2 రూపాయల చొప్పున 62 రూపాయలు వసూలు చేశాడు. ఒక శుక్రవారం డ్రిల్లు పీరియడు అయి గదిలోకి వచ్చేసరికి డబ్బు లేదు. ఆ పీరియడంతా గదిలో ఒక్క కుర్రాడే ఉన్నాడు. కాలి మీద సెగగడ్డ లేచి ఆటకు రాలేకపోయాడు. హాస్టలు పిల్లవాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తర్వాతి పీరియడుకు వచ్చిన ఉపాధ్యాయుడు అడిగినవి రెండే ప్రశ్నలు. గదిలో ఎవరున్నారు? నువ్వేనా? మూడోది బెత్తం. మేం 30 మందిమి చూస్తూ కూర్చున్నాం. వాడే తీశాడని మేమూ నమ్మాం.

ఆఖరి పీరియడు లెక్కలు. మాస్టారు వచ్చారు, వాడి అరచేతులు చూశారు, ఏమీ అనలేదు. బల్ల మీద మూడు గీతలు గీశారు. పై గీత మీద "గదిలో ఒంటరిగా ఉన్నాడు" అని రాశారు. కింది గీత మీద "కాబట్టి డబ్బు తీశాడు" అని రాశారు. మధ్య గీత చూపించి, "పైనుంచి కిందికి రావాలంటే ఇక్కడ ఒక మాట ఉండాలి. అదేమిటో చెప్పండి" అన్నారు. చాలాసేపటికి ఎవరో లేచి, "గదిలో ఒంటరిగా ఉన్నవాళ్లు డబ్బు తీస్తారు" అన్నారు. మాస్టారు దాన్ని అక్షరం మార్చకుండా రాశారు. రాశాక, "పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఈ గది తలుపు తీసేదెవరు?" అని అడిగారు. ఒకమ్మాయి లేచి నిలబడింది. "రోజూ పావుగంట ఒంటరిగా ఉంటావు కదమ్మా. ఈ వాక్యం నిజమైతే నువ్వెవరు?" ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ వాక్యం నిజమనుకునేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "మరి మధ్యాహ్నం మీరందరూ నమ్మింది దీన్నే" అని బల్ల తుడిచి, భిన్నాల లెక్క మొదలుపెట్టారు.

సోమవారం ఆఫీసు గదిలో హాజరుపట్టీ అట్టకీ దానికి వేసిన ఖాకీ కాగితానికీ మధ్య 62 రూపాయలూ దొరికాయి. డ్రిల్లుకు వెళ్తూ లీడరే అక్కడ దోపి మరిచిపోయాడు. హాస్టలు కుర్రాడు మాత్రం శనివారమే వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. పిల్లలకు ఒక్కటి నేర్పగలిగితే చాలు అనుకున్నది ఆ నడిమి వాక్యాన్ని పైకి చెప్పడమే. చూసింది చెప్పడం పిల్లలకు వచ్చు. తేల్చి చెప్పడం ఇంకా బాగా వచ్చు. రెంటి మధ్యనున్న మాట మనసులోనే ఉండిపోతుంది. అది బయటికి వస్తే తప్ప నిజమో కాదో ఎవరూ చూడలేరు. దాన్ని బయటికి రప్పించడానికి మిస్టరీని మించిన సాధనం నాకు కనపడలేదు. మిస్టరీలో ఆనవాలు చేతిలో ఉంటుంది, జవాబు అందదు. ఆ ఖాళీని పిల్లవాడే నింపుకోవాలి.

ఇది మన దేశానికి కొత్త విద్య కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దివాడు, తెలుగువాడని పండితుల మాట. సంస్కృత పాఠశాలల్లో తర్కానికి మొదటి వాచకం ఇప్పటికీ అదే. ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే అయిదు మెట్లు ఎక్కాలంటుంది న్యాయశాస్త్రం. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుందంటాం. పొగ కనిపిస్తోంది కనుక అంటాం. మూడో మెట్టు దగ్గర అసలు సంగతి ఉంది. పొగ ఎక్కడుంటే నిప్పు అక్కడుంటుంది, మన వంటింట్లో లాగా, అని చెప్పితీరాలి. దీన్నే వ్యాప్తి అన్నారు. వ్యాప్తి చెప్పని వాదం వాదమే కాదని మన పూర్వులు అంత గట్టిగా పట్టుబట్టారు. మాస్టారు శాస్త్రం చదివారో లేదో నాకు తెలియదు కానీ, ఆయన ఖాళీగా వదిలిన గీత ఆ మూడో మెట్టే.

వ్యాప్తి తప్పితే ఏమవుతుందో కూడా వాళ్లు చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కావాలి. ఈ రెండు వాక్యాలనూ తారుమారు చేయడం పిల్లలే కాదు, టీవీ చర్చల్లో పెద్దవాళ్లూ రోజూ చేస్తున్నారు. తేల్చదలచుకున్నది లేనిచోట కూడా కనిపించే హేతువుకు సవ్యభిచారమని పేరు పెట్టారు. గదిలో ఒంటరిగా ఉండటమనే హేతువు సరిగ్గా అలాంటిది. దొంగలోనూ ఉంటుంది, తలుపు తీసే అమ్మాయిలోనూ ఉంటుంది.

ఇదే సంగతి పశ్చిమ దేశాల్లో మరో దారిన వచ్చింది. స్టీఫెన్ టూల్మిన్ అనే తాత్వికుడు 1958లో వాదన నిర్మాణం మీద ఒక పుస్తకం రాశాడు. ఆధారానికీ తీర్మానానికీ నడుమ ఉండే మాటకు 'వారంట్' అని పేరు పెట్టాడు. షికాగో విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన జార్జ్ హిలక్స్ దాన్ని బడిపిల్లల దగ్గరికి తెచ్చాడు. ఆయన ఎంచుకున్న సాధనం లారెన్స్ ట్రీట్ అనే రచయిత 1981లో తెచ్చిన బొమ్మల పజిళ్ల పుస్తకం. అందులో ఒక బొమ్మ: మెట్ల కింద ఒకాయన చనిపోయి పడి ఉంటాడు. మెట్లు దిగుతూ కాలు జారి పడ్డాడని భార్య చెబుతుంది. బొమ్మలో ఆయన చేతిలో గ్లాసు ఇంకా అలాగే ఉంటుంది. చేతిలో గ్లాసుంది అనే మాట పిల్లలు చప్పున చెబుతారు. ఆమె అబద్ధమాడుతోందని కూడా చెబుతారు. "గ్లాసుంటే ఏమిటి?" అని అడిగితే తడబడతారు. జారి పడేవాడు చేతిలోది వదిలేసి ఏదో ఒకటి పట్టుకోబోతాడు అనే మాట వాళ్లనుంచి వచ్చేదాకా హిలక్స్ వదలడు. 2011లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ సంభాషణ ఉంది. చదువుతుంటే నాకు మా బల్ల మీది మూడు గీతలే కనిపించాయి.

ఆ బొమ్మను మాత్రం నేను క్లాసులో వాడలేదు. హత్య లేకుండా కూడా మిస్టరీ ఉంటుందని నా నమ్మకం. గోదావరి ఒడ్డు పిల్లలకు ఇంకా మంచిది గోదావరే.

ఆషాఢంలో ఒకరోజు రాజమండ్రిలో చినుకు పడదు, ఎండ కాస్తుంటుంది. ఏట్లో నీరు ఎర్రబడుతుంది, ఘాటు మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. "ఎందుకు?" అంటే పైన వానలు పడ్డాయని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కార్యం చూసి కారణం తెలుసుకునే ఈ అనుమానాన్ని న్యాయశాస్త్రం శేషవత్ అంది. దానికి వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ నది పొంగడమే. నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాత వచ్చే ఆక్షేపణ. దిగువన ఎవరో అడ్డుకట్ట వేసినా నీరు పెరుగుతుంది కదా, వానే అని ఎలా అంటావు, అని న్యాయసూత్రాల్లోనే ప్రతివాది అడుగుతాడు. ధవళేశ్వరం ఆనకట్ట పక్కన పెరిగే పిల్లలకు ఈ ప్రశ్న విడమరచి చెప్పక్కర్లేదు. గేట్లు దించేస్తే ఎగువన నీరు నిలుస్తుందని వాళ్లకు తెలుసు. జవాబు కూడా అక్కడే ఉంది. వాన వరద వడిగా వస్తుంది, నురగతో వస్తుంది, ఆకులూ కాయలూ కట్టెలూ కొట్టుకొస్తాయి. అడ్డుకట్ట వల్ల పెరిగిన నీరు అలా ఉండదు. నీరు పెరగడం ఒక్కటే చూస్తే రెండు కారణాలూ సరిపోతాయి. కొట్టుకొచ్చిన దుంగను చూస్తే ఒకటే మిగులుతుంది.

దీన్ని పాఠంగా చెప్పకుండా, పిల్లలను ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి అడిగాను. "ఇది పై వాన నీరా, కింద ఆపిన నీరా? ఏది చూస్తే తేలుతుంది?" చేపలు పట్టే ఇంటి కుర్రాడొకడు నీళ్లలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, వేళ్ల సందుల్లో మిగిలిన ఒండ్రు చూపించాడు. "కొండల మట్టి మాస్టారూ. మన మట్టి ఇలా ఉండదు" అన్నాడు. శాస్త్రంలో లేని ఆనవాలు అది. నాకూ తట్టలేదు.

ఇక అసలు క్లాసులోకి వద్దాం. 1998లో ఇంగ్లండులో డేవిడ్ లీట్ సంపాదకత్వంలో భూగోళ బోధన మీద ఒక పుస్తకం వచ్చింది. అందులో 'మిస్టరీ' అనే పద్ధతి ఉంది. ఒక ప్రశ్న ఇస్తారు. పాతికో ముప్ఫయ్యో చీటీలు ఇస్తారు, చీటీకి ఒక్క సంగతి. కొన్ని పనికొస్తాయి, కొన్ని రావు. నలుగురేసి పిల్లలు చీటీలను బల్ల మీద పరిచి, జరుపుతూ, జతకలుపుతూ జవాబు కట్టాలి. ఖర్చు లేదు. ల్యాబు అక్కర్లేదు. వంద కాగితాలు కత్తిరించే ఓపిక ఉంటే చాలు.

జిల్లా పరిషత్తు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి నేను తయారుచేసుకున్నది లండన్ కలరా. 1854 ఆగస్టు ఆఖరు, సోహో పేట, బ్రాడ్ స్ట్రీట్. పది రోజుల్లో అయిదు వందల మందికి పైగా పోయారు. కలరా చెడు గాలి వల్ల వస్తుందని ఆనాటి వైద్యుల్లో చాలామంది నమ్మకం. సూక్ష్మజీవుల సంగతి ఇంకా స్థిరపడలేదు. జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి అడిగాడు. ఆయనకు దొరికిన సంగతులను 22 చీటీల మీద రాశాను. ప్రశ్న ఒకటే: జబ్బు దేని వల్ల వచ్చింది?

ఒక చీటీ మీద, ఆ వీధిలోనే ఉన్న బీరు కార్ఖానాలో 70 మందికి పైగా పనివాళ్లున్నారు, వాళ్లలో ఎవరూ కలరాతో చనిపోలేదు, వాళ్లకు బీరు ఉచితం, అని ఉంది. అది చదవగానే కిటికీ పక్క జట్టులో ఒకడు లేచాడు. "సార్, తేలిపోయింది. బీరు తాగితే కలరా రాదు." క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వకుండా బల్ల మీద మూడు గీతలు గీసి, వాడి మాటను నడిమి గీత మీద రాశాను. వాడు చెప్పింది చెడ్డ ఊహ కాదు. చేతిలో ఉన్న చీటీకి అది సరిపోయింది. పరీక్షించడమే మిగిలింది. "ఇది తప్పని తేలాలంటే ఎవరు దొరకాలి?" అని అడిగాను.

ఆ ప్రశ్న చాలాసేపు గాల్లో ఉండిపోయింది. పిల్లలు తమ ఊహకు సాక్ష్యం వెతుకుతారు. దానికి ఎదురు సాక్ష్యం వెతకమంటే వింతగా చూస్తారు. పెద్దవాళ్లమూ అంతే. చివరికి ముందు బెంచీ అమ్మాయి అంది. "బీరు లేకుండా కూడా తప్పించుకున్నవాళ్లు దొరకాలి సార్." దొరికారు. ఆమె ముందున్న చీటీల్లోనే ఉంది. పక్క వీధిలో పేదల ఆశ్రమం, 535 మంది ఉంటారు, చుట్టూ ఇళ్లలో జనం పిట్టల్లా రాలిపోతుంటే అక్కడ పోయినవాళ్లు అయిదుగురే. ఆ చీటీలో బీరు మాట లేదు. ఆశ్రమానికి సొంత బావి ఉందని మాత్రం ఉంది. కార్ఖానాకూ సొంత బావి ఉందని ఇంకెక్కడో, మరో జట్టు పక్కన పడేసిన చీటీలో ఉంది. "మా దగ్గరుంది, మా దగ్గరుంది!" అని ఆ జట్టు కేకలు పెట్టింది.

చెడు గాలే కారణమన్న జట్టు ఇంకా ఒప్పుకోలేదు. వీధి కంపు కొడుతుందని వాళ్ల చీటీలో ఉంది. వాళ్లను ఎవరో అడిగారు, "కంపు ఆశ్రమం గోడ దగ్గర ఆగిపోతుందేంట్రా?" మంచి ప్రశ్నే. ఆ వాదాన్ని పూర్తిగా ముగించింది మాత్రం ఇంకో చీటీ. అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో హాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ కలరాతో చనిపోయింది. ఆ చుట్టుపక్కల కలరా లేదు. ఆవిడ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉండేది. అక్కడి వీధి పంపు నీళ్ల రుచి మరిగి రోజూ ఒక పెద్ద సీసా బండి మీద తెప్పించుకునేది. చూడవచ్చిన మేనకోడలు కూడా ఆ నీళ్లు తాగి, ఇజ్లింగ్టన్‌లో ఉన్న తన ఇంటికి వెళ్లి చనిపోయింది.

ఏడాదంతా నా క్లాసులో నోరు విప్పని పిల్లాడొకడున్నాడు. ఆ చీటీ వాడి చేతిలో ఉంది. లేవకుండానే, పక్కవాడితో చెబుతున్నట్టు అన్నాడు. "ఈవిడ ఆ వీధి గాలి పీల్చలేదు. నీళ్లే తాగింది."

నేను బల్ల మీద ఏమీ రాయలేదు. వాణ్ణే వచ్చి రాయమన్నాను. వాడు మధ్య గీత మీద, "జబ్బు గాల్లో ఉంటే గాలి ఉన్నచోటే రావాలి, నీళ్లలో ఉంటే నీళ్లు వెళ్లిన చోటికి వెళ్తుంది" అని రాశాడు. రెండు తప్పులున్నాయి అక్షరాల్లో. దిద్దలేదు. దగ్గరే ఉండి తాగనివాళ్లు బతికారు, దూరాన ఉండి తాగినావిడ పోయింది. అన్వయం, వ్యతిరేకం అని శాస్త్రం చెప్పిన రెండు వైపులూ ఆ ఒక్క వాక్యంలో పట్టుకున్నాడు.

మర్నాటి పీరియడులో మిగతా కథ చెప్పాను. స్నో మాట విని సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడబీకించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఇంకో చీటీ ఇచ్చాను. పిడి తీసేనాటికే చావులు తగ్గుముఖం పట్టాయి, జనం చాలామంది అప్పటికే ఆ పేట వదిలి పారిపోయారు. "అయితే పిడి తీయడం వల్లే జబ్బు ఆగిందని చెప్పగలమా?" చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి వెళ్లాయి. పిడి వల్లే ఆగిందని తేల్చి చెప్పలేమని స్నో తానే రాశాడు. నీళ్ల వల్ల జబ్బు వచ్చిందనడానికి ఉన్నంత బలం, పిడి వల్ల ఆగిందనడానికి లేదు. ఒకే మనిషి చెప్పిన రెండు మాటల్లో ఒకటి గట్టిది, ఇంకొకటి మెత్తటిది కావచ్చు. పుస్తకంలో పంపు కథను విజయగాథలా ముగించేవాళ్లు ఈ సగాన్ని పిల్లలకు అందకుండా చేస్తున్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఆ పేటలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు ఉండేవాడు. స్నో మాట తప్పని నిరూపించడానికి ఆయనా ఇంటింటికీ తిరిగాడు. తిరిగినకొద్దీ పంపు మీదే అనుమానం బలపడింది. చివరికి 40వ నెంబరు ఇంట్లో మొదట జబ్బుపడ్డ పసిబిడ్డ సంగతి బయటపెట్టింది ఆయనే. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన గుంట ఆ పంపు బావి పక్కనే ఉంది, దాని గోడలు శిథిలమై బావిలోకి ఊరుతున్నాయి. వైట్‌హెడ్ చీటీ చదివాక మా పిల్లల్లో ఒకమ్మాయి, "ఓడిపోయాడుగా సార్, ఆయనకు కోపం రాలేదా?" అని అడిగింది. ఆ తర్వాత స్నోకూ ఆయనకూ స్నేహం కుదిరిందని చెప్పాను. ఆ మాటకు పిల్లలు చాలాసేపు ఆలోచించారు.

మనకు ఇంతకంటే దగ్గర కథ ఉంది. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895 నుంచి దోమలను కోసి చూస్తున్నాడు. మలేరియా రోగులను కుట్టించిన దోమల్లో రోగజీవి కనిపించాలి. కనిపించలేదు. ఇక్కడ కథ ఆపి, "మీరైతే ఏమంటారు?" అని అడుగుతాను. దోమ వల్ల మలేరియా రాదంటామని సగం క్లాసు అంటుంది. ఎవరో ఒకరు మాత్రం, "ఏ దోమ సార్?" అంటారు. రాస్ అడిగిందీ అదే. అంతవరకు ఆయన చూసినవి వేరే జాతులు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమ ఒకటి చేతికొచ్చింది. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లని రంగు కణికలున్న కణాలు కనిపించాయి. దోమల్లో అలాంటి కణికలు మామూలుగా ఉండవు. మలేరియా రోగి నెత్తురులోని జీవిలో ఉంటాయి. ఇదీ నడిమి వాక్యం. మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు పెద్దవై ఉన్నాయి. పెరుగుతున్నదంటే బతికి ఉన్నదన్నమాట. ఈ పనికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. హైదరాబాదు విహారయాత్రకు వెళ్లే బడులు చార్మినారు, గోల్కొండ, జంతుప్రదర్శనశాల చూపించి తిరిగొస్తున్నాయి. ఇక్కడ ఒక అరగంట ఆగితే బాగుంటుంది.

కథల సంగతి కూడా రెండు మాటలు. మా తరం అద్దె లైబ్రరీల్లో కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకుని, డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజుల వెంట తిరిగాం. వాచకం మధ్య దాచుకుని చదివాం. ఇప్పుడు వాటిని వాచకం పక్కన బహిరంగంగా పెట్టమంటాను. షెర్లాక్ హోమ్స్ కథల్లో 1892లో వచ్చిన ఒకదానిలో రాత్రి గుర్రం మాయమవుతుంది, సాలలో ఉన్న కుక్క మొరగదు. మొరగకపోవడమే ఆనవాలు, అంటే వచ్చినవాడు ఇంటివాడే. పల్లెటూరి క్లాసులో ఈ కథ చెబితే, "మా కుక్క ఎవరొచ్చినా మొరగదు సార్, తిండి పెడితే తోక ఊపుతుంది" అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాణ్ణి కూర్చోమనకండి. హోమ్స్ నడిమి వాక్యాన్ని పరీక్షకు పెట్టినవాడు వాడే. 'కుక్కలు కొత్తవాళ్లను చూసి మొరుగుతాయి' అనేది అన్ని కుక్కలకూ వర్తించదు, ఆ కుక్క సంగతి విడిగా తెలియాలి అని పిల్లలు అక్కణ్నుంచి తేల్చుకుంటారు.

మన మర్యాద రామన్న కథ ఒకటి ఇంకో రకం. నలుగురు సొమ్ము మూట పూటకూళ్లమ్మకు ఇచ్చి, నలుగురం కలిసి వస్తేనే ఇమ్మంటారు. ఒకడు మోసం చేసి పట్టుకుపోతాడు. మిగతా ముగ్గురూ ఆమె మీద ఫిర్యాదు చేస్తారు. మూట ఇప్పిస్తాను, నలుగురూ కలిసి రండి, అంటాడు రామన్న. ఇందులో ఆనవాలు వెతకడం లేదు. 'అయితేనే' అనే చిన్న మాటను అందరికంటే శ్రద్ధగా విన్నాడు. గణితంలో ఆ మాట ఎంత బరువైనదో మాస్టారి శిష్యులకు చెప్పక్కర్లేదు.

ఉపాధ్యాయ మిత్రులతో కొన్ని సంగతులు, నేను చేసి దెబ్బతిన్నవి కూడా ఉన్నాయి. బడిలో నిజంగా జరిగిన దొంగతనాన్ని ఎప్పుడూ మిస్టరీ పాఠం చేయకండి. అది పాఠం కాదు, విచారణ అవుతుంది, ఎవరో ఒక పిల్లవాడు దానికి బలవుతాడు. ఊళ్లో జరిగిన నేరాలూ వద్దు. కల్పించుకున్న కథలో సైతం పిల్లలు ముందుగా పట్టుకునేది పేదవాణ్ణే, కొత్తగా వచ్చినవాణ్ణే. "తోటమాలి తీసుంటాడు సార్" అంటారు. అప్పుడు వాళ్లను మందలిస్తే ఆ మాట లోపలికి వెళ్లి దాక్కుంటుంది. బల్ల దగ్గరికి పిలిచి నడిమి గీత మీద వాళ్ల చేతనే రాయించండి. 'పేదవాళ్లు దొంగతనం చేస్తారు' అని తమ చేతివ్రాతతో చూసుకున్న పిల్లలు దాన్ని తామే చెరిపేయడం నేను మూడు నాలుగు సార్లు చూశాను. వాళ్ల నాన్నలు కూడా పేదవాళ్లే.

జవాబుకు మార్కులు వేయకండి. జవాబు గుడ్డిగా కూడా తగులుతుంది. అయిదు మార్కులుంటే మూడు నడిమి వాక్యానికి, రెండు "ఇది తప్పయితే ఏం కనిపించాలి?" అన్నదానికి. చీటీల్లో పనికిరానివి ఆరేడు తప్పక ఉంచండి. అన్నీ పనికొచ్చేవే ఉంటే పిల్లలు అతికించడం నేర్చుకుంటారు గానీ ఏరడం నేర్చుకోరు. సిలబస్ వెనకబడుతుందని మీరు అనుకోవడం సహజమే. నేను నెలకు ఒక్క పీరియడు తీసుకున్నాను. సిలబస్ వెనకబడలేదు. ముఖ్యంగా జ్యామితిలో, దత్తాంశం నుంచి సారాంశానికి ఉపపత్తి రాసేటప్పుడు, "ఎందుకు?" అనే గడిని ఖాళీగా వదిలే పిల్లలు బాగా తగ్గారు.

పీరియడు అయిపోతుంది, బెల్లు కొడతారు, పిల్లలు జవాబు చెప్పమని మీద పడతారు. చెప్పాలనిపిస్తుంది. నాకూ చాలాసార్లు అనిపించింది, కొన్నిసార్లు చెప్పేశాను. చెప్పిన ప్రతిసారీ మర్నాడు క్లాసు చప్పగా ఉంది. చెప్పనినాడు పిల్లలు అన్నాలు తింటూ వాదించుకున్నారు, ఇంటికెళ్లి అమ్మానాన్నలను అడిగారు.

బయట బల్ల మీద ఖాకీ కవర్లు 40 పెట్టాను. ఒక్కొక్క దానిలో బ్రాడ్ స్ట్రీట్ చీటీలు 22, పంపు పిడి చీటీ విడిగా మడిచి ఉన్నాయి. తెలుగులోనే రాశాను, ఎనిమిదో తరగతి పిల్లలు చదవగలిగేలా. ఏ సబ్జెక్టు ఉపాధ్యాయులైనా తీసుకెళ్లండి, జిరాక్సు తీసుకుని పక్క బడికి ఇవ్వండి. నాకు తిరిగి ఇవ్వనక్కర్లేదు. మొదటి పీరియడులో మాత్రం పిల్లలు ఎంత అడిగినా జవాబు చెప్పకండి.